పాత ఫోర్‌వీల్ బండి: కొనునాటి ధరయు, అమ్మునాటి ధరయు

పాఠశాల వార్షిక సంచికలో బండ్ల బేరము ప్రస్తావన యేల యని కొందఱు తల్లిదండ్రులు తలంపవచ్చును. గడచిన కొన్ని యేండ్లుగా మాయొద్దకు వచ్చి మాటలాడిన తండ్రులలో పలువురు పిల్లల చదువుతో మొదలిడి పాత జీపుతో ముగించినవారే. తోటకు పోవుటకును, పెండ్లి పేరంటములకును పనికివచ్చునట్లు ఒక ఫోర్‌వీల్ బండిని కొందము, బిడ్డ పండ్రెండవ తరగతి ముగించునాటికి దానిని అమ్మి కళాశాల రుసుము కట్టుదము అనునది వారి లెక్క. ఈ లెక్క కొన్ని యిండ్లలో సరిపోయినది, కొన్ని యిండ్లలో తప్పినది. తప్పిన యిండ్లలో మా యిల్లొకటి. కావున ఈ విషయమును గుఱించి మాకు తెలిసినంత మేరకు విశదపఱచుట యుక్తమని తలంచితిమి.

మొదట బండిని గుఱించి కొంత చెప్పవలెను. సామాన్యమైన కారులో ఇంజను బలము ముందరి రెండు చక్రములకో, వెనుకటి రెండు చక్రములకో మాత్రమే అందును. ఫోర్‌వీల్ బండిలో గేరుబాక్సునకు ప్రక్కన ట్రాన్స్‌ఫర్ కేసు అను మఱియొక పెట్టె యుండును. డ్రైవరు కోరినప్పుడు అది ముందరి యిరుసునకును బలము పంపును. దానిలోనే ‘లో గేరు’ కూడ నుండును. ఆ గేరులో బండి మెల్లగా నడచును గాని చక్రముల లాగుడు బలము మిక్కుటముగా హెచ్చును. బురదలో దిగబడిన బండి బయటపడుట, నిట్టనిలువు కొండదారి నెక్కుట ఈ గేరు చేతనే సాధ్యమగును.

మనదేశమున ఈ విధమైన బండికి ‘జీపు’ అనునదే పేరైపోయినది. రెండవ ప్రపంచ యుద్ధము నాటి విల్లీస్ జీపును మహీంద్రా సంస్థవారు 1947లో బొంబాయిలో కూర్చి అమ్మనారంభించిరి. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైన పిదప బ్లాకు అధికారి జీపు పల్లెలకు పరిచితమయ్యెను. మన పెద్దలలో అనేకులకు మోటారుబండి యన్నచో మొదట తలపునకు వచ్చునది ఆ జీపే. బహుశః ఆ జ్ఞాపకమే నేటికిని మనవారిని ఈ బండ్ల వైపు లాగుచున్నదేమో!

మన తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములలో ఈ బండి నిజముగా ఎవరికి అవసరము? నాగలాపురము కొండల యంచున మామిడితోటలు గలవారికి, వానకాలమున చెఱకు తోటలలోనికి బండి దింపవలసినవారికి, పళ్ళిపట్టు చుట్టుప్రక్కల మట్టిదారుల మీద దినదినము తిరుగువారికి అవసరమే. తక్కినవారికి, అనగా తిరుత్తణి నుండి మదరాసునకు తారురోడ్డు మీద పోయి వచ్చువారికి, ఆ రెండవ గేరుకఱ్ఱ యలంకారము మాత్రమే. ఆ యలంకారమునకు కొనునప్పుడును, డీసెలు పోయించునప్పుడును, రిపేరునకు విడుచునప్పుడును వెల చెల్లింపవలసియుండును. ఇంకొక మాట. కుశస్థలి నది పొంగి నేలబారు వంతెనల మీదుగా నీరు పాఱునపుడు ‘మాది ఫోర్‌వీల్’ అని బండిని దింపినవారిని మేము చూచితిమి. నాలుగు చక్రములు తిరిగినను పాఱు నీటికి బండి తేలిపోవును. ఆ విషయమున జీపుకును, చిన్న కారుకును భేదము లేదు.

ఇక ధర సంగతి. బండిని ఎంతకు కొంటిమి అనునది సగము లెక్కయే. ఎంతకు అమ్మగలము, ఎన్ని దినములలో అమ్మగలము అనునది తక్కిన సగము. కళాశాలలో చేరుటకు గడువు పదిదినములే యుండును, బండి అమ్ముడగుటకు పదినెలలు పట్టవచ్చును.

కాలముతోడ బండి విలువ తగ్గుటకు భీమా కంపెనీలవారి పట్టిక యొకటి కలదు. క్రొత్తబండి ఆరునెలలలోపు 5 శాతము, ఏడాదిలోపు 15 శాతము, రెండేండ్లలోపు 20, మూడేండ్లలోపు 30, నాలుగేండ్లలోపు 40, అయిదేండ్లలోపు 50 శాతము విలువ కోల్పోయినట్లు వారు గణింతురు. అయిదేండ్లు దాటిన పిదప విలువ ఇరుపక్షముల ఒడంబడికను బట్టి యుండును. ఇది భీమా లెక్క. అంగడి లెక్క వేఱు. టొయోటా ఫార్చ్యూనరు, మహీంద్రా థారు వంటివి ఈ పట్టిక కంటె పైమెట్టున నిలుచును. కొన్ని పెద్ద విదేశపు బండ్లు దీనికంటె చాల వేగముగా జాఱిపోవును. ఈ భేదమునకు కారణము బండి గట్టితనము మాత్రమే యని మనవారు తలంతురు. అది పొరపాటు. ఈ పొరపాటునకు దృష్టాంతము మన ముంగిటనే యున్నది.

తిరువళ్ళూరు చేరువ అదిగత్తూరులోని హిందూస్తాన్ మోటార్స్ కర్మాగారమును మనలో చాలమంది యెఱుగుదురు. జపాను దేశపు మిత్సుబిషి సంస్థతోడి ఒడంబడిక మీద 1998 నుండి లాన్సరు కార్లు అచ్చట తయారయ్యెను. పిదప 2002లో పజెరో యను ఫోర్‌వీల్ బండియు, 2012లో పజెరో స్పోర్టును వచ్చెను. ఎడారి పందెములలో పేరుమోసిన ఆ బండి మన యూరి కర్మాగారమున రూపుదాల్చి బయటకు వచ్చుచుండగా చూచి సంతసించినవారము మేమును. మన యూరి బండి గదా, విడిభాగములకేమి కొదువ యని నాడు అందఱు తలంచిరి. అయినను బండి బిగింపబడిన యూరు వేఱు, దాని గేరుబాక్సును డిఫరెన్షియలును పుట్టిన దేశము వేఱు. పజెరో అమ్మకము ఏనాడును వేలకు వేలుగా సాగలేదు. కావున విడిభాగములను నిలువయుంచు అంగళ్ళును, దానిని విప్పి బిగింపనేర్చిన షెడ్డులును కొలదిగానే యుండెను. 2020 ఏప్రిలు 1న బి.ఎస్‌.-6 పొగ నిబంధన అమలునకు వచ్చిన పిదప పజెరో స్పోర్టు మనదేశపు అంగడిలో నిలువలేదు. కర్మాగారము చేతులు మాఱినది. అచ్చట నేడు తయారగునవి ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ కార్లు.

పజెరో చెడ్డ బండి యని మా యభిప్రాయము కాదు. చక్కగా కాపాడబడిన పజెరోను నేటికిని ప్రేమతో నడుపువారు గలరు. అయితే ప్రేమించి నడుపువాడు వేఱు, రేపు మనయొద్ద కొనువాడు వేఱు. కొనువాడు అడుగు మొదటి ప్రశ్న ‘మన షెడ్డులో దీనికి పని చేయుదురా?’ అనునదే. దానికి తడబడక ‘చేయుదురు’ అని చెప్పగలిగిన బండికే మఱునాటి ధర నిలుచును.

అదే కర్మాగారమున ఇసుజు వారి బండ్లు కూడ కొంతకాలము తయారయ్యెను. 2016 ఏప్రిలులో ఆ సంస్థవారు మన పొలిమేర కావల, తడ చేరువనున్న శ్రీసిటీలో స్వంత కర్మాగారమును తెఱచిరి. నాలుగు చక్రముల బలము గల వి-క్రాస్ అను పికప్పు బండి అచ్చటినుండి వెలువడినది. సంస్థ వ్యాపారమున నిలిచియుండుట వలన ఈ బండి కొనువానికి పజెరో నాటి భయము లేదు. అయినను పికప్పు బండిలో కుటుంబమంతయు కూర్చుండి తిరుమలకు పోవుట కష్టము. కావున దానిని అడుగువారు తోటల యజమానులును, బండ్ల సరదా గల యువకులును మాత్రమే. సంస్థ వెడలిపోయినపుడు ఏమగునన్నదానికి మఱి రెండు నిదర్శనములు గలవు. జనరల్ మోటార్సు సంస్థ 2017తో మనదేశమున అమ్మకములను ముగించెను. మఱైమలై నగరులో ఎండెవరును తయారుచేసిన ఫోర్డు సంస్థ 2021 సెప్టెంబరులో తయారీని విరమింతునని ప్రకటించెను. విడిభాగములు, సేవ కొనసాగింతుమని ఫోర్డు వారు చెప్పిన మాట నిజమే. అయినను అట్టి ప్రకటన వెలువడిన నాటినుండి కొనువాని చేతికి బేరమాడు ఆయుధ మొకటి చిక్కినదని గ్రహింపవలెను.

లెక్క తేటపడుటకై ఒక ఊహను చెప్పుదుము. ఒకరు అందఱెఱిగిన అయిదేండ్ల బండిని 9,00,000 రూపాయలకు కొని నాలుగేండ్లు నడిపి 6,00,000కు అమ్మిరనుకొందము. మఱియొకరు వెడలిపోయిన సంస్థ చేసిన పెద్ద బండిని, తోలు సీట్లు చూచి ముచ్చటపడి, 6,00,000కే కొనిరి. నడుమ గేరుబాక్సు పనికి 1,50,000 వ్యయమైనది, నాలుగేండ్లకు 2,00,000 వచ్చినది. మొదటివారికి నష్టము 3,00,000, అనగా నెలకు 6,250 రూపాయలు. చవుకగా కొన్నవారికి నష్టము 5,50,000, అనగా నెలకు దాదాపు 11,450. అప్పు తెచ్చి కొన్నచో దీనికి వడ్డీ కూడ చేరును. పాతబండికి ఇచ్చు అప్పుపై వడ్డీ క్రొత్తబండి వడ్డీ కంటె హెచ్చుగనే యుండుట సామాన్యము.

ధరను ప్రభుత్వమును మార్చగలదు. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్ద బండ్లపై సెస్సుతో కలిపి 50 శాతము వరకు నుండిన పన్ను 40 శాతమైనది. క్రొత్తబండి ధర దిగినంతనే నిన్నటి పాతబండి ధరయు దిగును. అంతకు ముందు నెలలో పాతబండి కొన్నవారు తమ తప్పేమియు లేకయే నష్టపోయిరి. దీనికి విరుగుడు లేదు. బిడ్డ రుసుమునకు బండినొక్కదానినే నమ్ముకొనరాదనుటకు మాత్రము ఇదియొక కారణము.

బండి వయస్సును గుఱించి యొక సంగతి. సొంత వాడుక బండికి రిజిస్ట్రేషను 15 ఏండ్లకు చెల్లును. పిమ్మట తనిఖీ చేయించి అయిదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. ఈ పొడిగింపు రుసుము కార్లకు, జీపులకు 2022 ఏప్రిలు 1 నుండి 5,000 రూపాయలైనది. ఇరువదియేండ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో దానిని 10,000 చేసిరి. మన రాష్ట్రమున హరిత పన్ను అదనము. పదమూడేండ్ల బండిని మనము కొని రెండేండ్లు నడిపితిమేని, మనయొద్ద కొనువాడు ఈ ఖర్చులన్నియు లెక్కించి ధర నడుగును. మనము కొన్నప్పుడు ఆ లెక్క వేయకపోతిమా, నష్టము మనదే. ఢిల్లీ నుండి చవుకగా వచ్చు డీసెలు బండ్లదియు ఇట్టి కథయే. పదేండ్లు దాటిన డీసెలు బండ్లు ఆ నగర ప్రాంతమున తిరుగరాదని సుప్రీంకోర్టు 2018లో ఆజ్ఞాపింపగా అచ్చటి బండ్లు దక్షిణాదికి వెల్లువగా వచ్చెను. 2025లో ఆ కట్టడి కొంత సడలినది. ఆ బండ్లు చూపునకు నిగనిగలాడును. ఇచ్చటి పన్ను, రిజిస్ట్రేషను మార్పు ఖర్చు కలుపుకొన్నచో చవుకదనము చాలవఱకు కరగిపోవును.

బండిని చూచుకొను విధము సంగ్రహముగా చెప్పుదుము. మొదట అది నిజముగా ఫోర్‌వీలేనా యని చూడవలెను. 2023 జనవరిలో వెనుక చక్రములకు మాత్రమే బలమందు థారు అంగడికి వచ్చినది. వెలుపలినుండి చూచినవారికి రెండింటికిని భేదము కానరాదు. ఫార్చ్యూనరులోను, స్కార్పియోలోను రెండు రకములు గలవు. వెనుక తలుపు మీది అక్షరములను నమ్మక, వంగి ముందరి చక్రముల నడుమ డిఫరెన్షియలు గుండు ఉన్నదో లేదో చూడుడు. ఆర్‌.సి.లోని రకము పేరుతో సరిచూడుడు.

పిమ్మట బండిని దున్నిన చేనిలోనికో, ఇసుకలోనికో తీసికొని పోయి ఫోర్‌వీల్ వేయించి నడిపింపవలెను. ఆపి లో గేరు వేయించి మరల నడిపింపవలెను. అమ్మువారు, ‘ఎప్పుడూ వేయలేదు సార్, కొత్తదానిమాదిరే ఉంది’ అని మెచ్చుకొనుచు చెప్పుదురు. అది మెప్పు కాదు. ఏండ్ల తరబడి కదలని గేరుకఱ్ఱ బిగిసిపోవును, ముందరి చక్రములను కలుపు హబ్బులు పట్టవు. ఈ పరీక్షను ఎండిన తారురోడ్డు మీద చేయరాదు. పాత పద్ధతి ఫోర్‌వీల్‌లో మలుపు తిరుగునపుడు ముందు వెనుక యిరుసులు వేర్వేఱు వేగములతో తిరుగవలసియుండగా ట్రాన్స్‌ఫర్ కేసు వాటిని ఒక్కటిగా బంధించును. చక్రము జాఱుటకు ఇసుకయో మట్టియో లేనిచో ఆ బిగువంతయు పండ్లచక్రముల మీద పడును. నాలుగు టైర్లును ఒకే కొలత, ఇంచుమించు ఒకే అరుగుదల కలిగియుండవలెననుటకును ఇదియే హేతువు. డిఫరెన్షియలు నూనెను కొంచెము దింపి చూడవలెను. పాలవలె తెల్లబడియున్నచో నీరు చేరినదని తెలియవలెను.

నీరన్నంతనే మన జిల్లా సంగతి చెప్పక తప్పదు. 2015 డిసెంబరు వఱదలలోను, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానులోను మదరాసు చుట్టుప్రక్కల లెక్కకు మిక్కిలి బండ్లు మునిగెను. వాటిలో కొన్ని కడిగి తుడిచి మరల అమ్మకమునకు వచ్చెను. సీటు బెల్టును చివరివఱకు లాగి చూచినచో కడపటి మూరలో బురద మరక కనబడును. సీటు క్రింది యినుప పట్టాలకు త్రుప్పు పట్టియుండును. కాలిక్రింది తివాచీని ఎత్తి వాసన చూచినను తెలియును. పులికాటు తీరమున తిరిగిన బండికి ఛాసిస్‌ను ఉప్పుగాలి తినియుండును. సుత్తితో మెల్లగా తట్టి చూడవలెను. ఇవన్నియు మనకు మనమే చేయగలిగినను, మనకు నమ్మకమైన మెకానిక్కునకు ఒకదినపు కూలి ఇచ్చి వెంట తీసికొనిపోవుట మేలు. అమ్మువారు చూపించిన మెకానిక్కు పనికిరాడని వేఱుగా చెప్పనక్కఱలేదు.

పెద్ద టైర్లు, ఎత్తైన స్ప్రింగులు, ఇనుప కొమ్ములు తగిలించిన బండ్లను మన కుఱ్ఱవారు మిక్కిలి మెచ్చుకొందురు. తయారీదారు నిర్దేశించిన స్వరూపమునకు భిన్నముగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టపఱచినది. అట్టి బండికి తనిఖీలో చిక్కు వచ్చును, భీమా వారును కొఱ్ఱీలు పెట్టుదురు. తగిలించుటకు లక్ష రూపాయలు పెట్టినవానికి అమ్మునప్పుడు ఆ లక్షలో పదియవ వంతు కూడ రాదు.

ఇక కాగితముల సంగతి. మా కథ ఇచ్చటనే మొదలగును.

2017లో మేము పుత్తూరు వైపునున్న దూరపు బంధువొకరి యొద్ద ఒక డీసెలు ఫోర్‌వీల్ జీపును 4,20,000 రూపాయలకు కొంటిమి. బండి మంచిది, నేటికిని ఆ మాటయే చెప్పుదుము. చిత్తూరు జిల్లా రిజిస్ట్రేషను, ఏ.పి. 03. వరుసకు బావ కావున బేరమును ఆడలేదు, కాగితమును అడుగలేదు. ‘మనవాళ్లమే గదా, బుక్కు తీసి పెట్టుకో బావా, మెల్లగా మార్పించుకుందాం’ అని వారనిరి. మేమును సరే యంటిమి. ఆ ‘మెల్లగా’ నాలుగేండ్లు సాగినది. 1960 ఏప్రిలు 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమున చేరినప్పుడు మన పెద్దలను ఎవరును నిరభ్యంతర పత్రము అడుగలేదు. బండి విషయమున మాత్రము పొలిమేర నిజముగా పొలిమేరయే. వేఱొక రాష్ట్రపు బండిని పండ్రెండు నెలలకు మించి ఇచ్చట ఉంచుకొన్నచో ఇచ్చటి గుర్తుసంఖ్య తీసికొనవలెనని మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. అది మాకు తెలియును. తెలిసియు ఉపేక్షించితిమి.

2021లో మా అమ్మాయికి ఇంజనీరింగు కళాశాలలో స్థానము లభించినది. రుసుము కట్టుటకు బండిని అమ్మజూచితిమి. తిరుత్తణి బ్రోకరొకరు బండిని నడిపి చూచి, దిగి, ఆర్‌.సి.ని త్రిప్పి చూచి, ‘బండి బాగుందన్నా, బుక్కే బాగలేదు’ అనెను. బండి మీద ఒక ఫైనాన్సు సంస్థ పేరు అట్లే యున్నది. మా బంధువు ఆ యప్పును ఏనాడో తీర్చిరి. తీర్చినట్లు సంస్థవారి సంతకముతో 35వ నమూనా ఫారము తీసికొని ఆ పేరును కొట్టివేయింపలేదు. కాగితములు సరిగా నున్నచో 3,10,000, ఉన్నది ఉన్నట్లుగా నైనచో 2,30,000 అని ధర చెప్పిరి. నడుమ తేడా 80,000 రూపాయలు. మేము ఇయ్యలేదు. మా ఇంటివారి నగలు కుదువబెట్టి రుసుము కట్టితిమి. ఆ దినమును మా యమ్మాయి ఇప్పటికిని ప్రస్తావింపదు, మేమును ప్రస్తావింపము.

ఆ పిమ్మట చేసినవి చెప్పుదుము. ఫైనాన్సు సంస్థవారి శాఖ మూతపడియుండుటచేత వారి ఉత్తరము వచ్చుటకు అయిదు నెలలు పట్టినది. ఆ పేరు కొట్టివేయించి, బంధువుచే 28వ నమూనా ఫారము మీద నిరభ్యంతర పత్రమునకు దరఖాస్తు పెట్టించి, అది వచ్చిన పిదప తిరువళ్ళూరులో బండి వయస్సును బట్టి జీవితకాలపు పన్ను కట్టి, టి.ఎన్‌. 20 గుర్తు పొందితిమి. ఆంధ్రలో కట్టిన పన్నులో మిగిలిన కాలమునకు చెందిన భాగము తిరిగి యిచ్చు పద్ధతి కలదు. కాని అది కట్టినవారి పేరిటనే అడుగవలెను. మా బంధువును మరల శ్రమపెట్టుటకు మాకు మొగము చెల్లలేదు. 2019 నుండి ఆంధ్రప్రదేశ్‌లో క్రొత్త బండ్లకు రాష్ట్రమంతటికిని జిల్లాభేదము లేని సంకేతమునే యిచ్చుచుండుటచేత బండి ఏ జిల్లాదో సంఖ్యను బట్టి తెలియదు. నిరభ్యంతర పత్రమునకు ఏ కార్యాలయమునకు పోవలెనో ఆర్‌.సి. చూచి కొనునాడే తెలిసికొనవలెను.

బదిలీ చేయని బండి వలన కొన్నవానికి ఇంత శ్రమ యైనచో, అమ్మినవానికి అంతకు మించిన గండమున్నది. అమ్మినవారు అదే రాష్ట్రములో నైనచో 14 దినములలోపలను, వేఱొక రాష్ట్రమునకైనచో 45 దినములలోపలను తెలియపఱచవలెనని చట్టము. కొన్నవారికి గడువు 30 దినములు. 29, 30 నమూనా ఫారములు ఇందులకే. ఒక బండి చేతులు మాఱి మాఱి అమ్ముడై, ఆర్‌.సి.లో మాత్రము మొదటివాని పేరే నిలిచియుండగా, 2009లో దానిచే ప్రమాదము జరిగెను. పుస్తకములో ఎవరి పేరున్నదో వారే యజమాని, పరిహారమునకు వారే బాధ్యులు అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పెను. మా బంధువు ఆ నాలుగేండ్లును ఎట్టి యాపదలో నుండిరో ఆ తీర్పు చదివిన పిదప గాని మాకు బోధపడలేదు. మేమెచ్చటనైన ఎవరినైన గ్రుద్దియున్నచో నోటీసు పుత్తూరునకు పోయియుండును.

భీమాను కూడ 14 దినములలోపల తమ పేరిట మార్పించుకొనవలెను. ప్రమాదము లేకుండ నడిపినందులకు లభించు రాయితీ అమ్మినవానిదే, బండితోపాటు రాదు. పరివాహన్ వారి వెబ్‌సైటులో బండి సంఖ్య కొట్టి చూచినచో ఫైనాన్సు, భీమా, చెల్లింపని జరిమానాలు కొంతవఱకు తెలియును. ఛాసిస్ సంఖ్యను కాగితము పెట్టి పెన్సిలుతో రుద్ది ఆర్‌.సి.తో సరిచూచుకొనుట నేటికిని మానరాదు. కన్సల్టింగు అంగడిలో కొన్నచో వారి లాభము మీద 18 శాతము జి.ఎస్‌.టి. యుండును. 2024 డిసెంబరులో నిర్ణయించిన ఈ రేటు ఇంటివారికి ఇంటివారు అమ్ముకొను బేరమునకు వర్తింపదు. అయినను అంగడివారు బదిలీ బాధ్యతను వ్రాతపూర్వకముగా తీసికొన్నచో ఆ ఖర్చు వృథా కాదు.

అమ్మదలచినవారు నాలుగైదు నెలల ముందుగా పని మొదలిడుట మంచిది. పరీక్షా ఫలితములు వచ్చు మే, జూను మాసములలో అవసరముకొద్ది అమ్మువారు పెక్కురు. అవసరము ముఖమున కనబడినంతనే బ్రోకరు ధర దించును. సర్వీసు రసీదులను, టైర్లు బ్యాటరీ కొన్న రసీదులను ఒక సంచిలో దాచియుంచినచో కొనువానికి చూపవచ్చును. మేము పదివేల రూపాయలు పెట్టి రంగు వేయించితిమి. చూచినవారందఱును ‘దేనిని కప్పిపుచ్చుటకు?’ అని అడిగిరి.

2022 చివర మా జీపును నాగలాపురము మామిడితోటల యజమాని యొకరు 2,75,000కు కొనిరి. తోట చివరివఱకు లో గేరులో నడిపి చూచి, మాఱుమాట లేక బయానా ఇచ్చిరి. బండి మరల ఆంధ్రకు పోవలసివచ్చినది. ఈమాఱు నిరభ్యంతర పత్రము మేమే తీసి, వారి చేత 30వ ఫారము మీద సంతకము చేయించి, బదిలీ పూర్తియైన ఆర్‌.సి. నకలు మాచేతికి వచ్చిన పిదపనే రెండవ తాళపుచెవి ఇచ్చితిమి. వారు నవ్వి, ‘ఇంత పట్టుదల ఎందుకన్నా, మనవాళ్లమే గదా’ అనిరి.